పునర్వసు నుంచి మూల దాకా

20 నవంబరు 2002, బుధవారం
రాజమండ్రి, ఆసుపత్రి

పదో తరగతి అయ్యాక నేను కలం పట్టింది రామకోటి రాయడానికి తప్ప మరి దేనికీ కాదు. ఇవాళ కూడా అదే రాద్దామని కూర్చున్నాను. రెండు వరసలు నిండేసరికి చెయ్యి ఆగిపోయింది. రామనామానికి వెనకాల వేరే మాటలు తోసుకొస్తున్నాయి. అవి పైకి అంటే అశుభం. దుర్గ వింటే బెంగ పెట్టుకుంటుంది. మా ఆయన వింటే కోతలు వదిలేసి వచ్చి ఇక్కడే కూర్చుంటారు. రామకోటి పుస్తకంలో రాయదగ్గ మాటలూ కావు అవి. ఎరువుల కొట్టువాళ్ళు ఏడాది మొదట్లో ఇచ్చిన ఈ డైరీ సంచిలో దొరికింది. జనవరి నుంచి అన్నీ ఖాళీ పేజీలే. ఇందులో దించుకుంటాను.

నిన్న కార్తీక పౌర్ణమి. ఇంట్లో సత్యనారాయణస్వామి వ్రతం. దుర్గ పురిటికి వచ్చి పది రోజులైనా కాలేదు, ఏడో నెల. పీటల మీద మా ఆయనా నేనూ కూర్చున్నాం, అది పక్కన ఇంకో పీట మీద కూర్చుని కథ వింటోంది. ప్రసాదం పుచ్చుకోకుండా లేచిపోతే ఏమవుతుందో చెప్పే అధ్యాయం నడుస్తోంది. అప్పుడు దుర్గ లేవబోయినట్టు కదిలింది. నేను ఏమీ అనలేదు. ఒకసారి దాని వైపు చూశానంతే. కూర్చుంది. హారతి అయ్యి, ప్రసాదం నోట్లో వేసుకున్నాకే లేచింది.

పీట తడిగా ఉంది. కలశం ఒలికిందేమో అనుకున్నాను. కలశం నిండుగానే ఉంది.

"నాకే తెలీకుండా పాస్ పోసేసుకున్నానమ్మా, సిగ్గేసింది" అంది దుర్గ. పొట్ట బరువుకి అలా అవుతుందిలే అన్నాను. అది స్నానం చేసి చీర మార్చుకుంది. తెల్లారేసరికి ఆ చీరా తడిసింది. అది పాస్ కాదని వాసన లేకపోవడం బట్టి నాకు అర్థమైంది. కొవ్వూరులో కారు మాట్లాడుకుని గోదావరి బ్రిడ్జి దాటి వచ్చేశాం.

డాక్టరమ్మ మంజుష గారు చిన్నావిడే, మా దుర్గ కన్నా పదేళ్ళు పెద్ద ఉంటారేమో. చేత్తో లోపల పరీక్ష చెయ్యనే లేదు. చేస్తే క్రిములు లోపలికి వెళ్తాయట. ఏదో పరికరం పెట్టి చూసి, స్కానింగు తీయించి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పారు.

"ఉమ్మనీరు సంచి ముందే చిట్లిందమ్మా. ముప్పై వారాలే. నొప్పులు రాలేదు, జ్వరం లేదు, బిడ్డ గుండె బావుంది. కాబట్టి కాన్పు చెయ్యను. ఆపుతాను."

"నీళ్ళు పోతే పిల్ల ఎండిపోదాండి?" అన్నాను.

"కొత్త నీరు ఊరుతూనే ఉంటుంది. పోయేది పోతుంది, ఊరేది ఊరుతుంది. మనకి భయం నీళ్ళ గురించి కాదు. చిట్లిన దారిన పైకి క్రిములు ఎక్కుతాయేమోనని."

బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి ఇంజెక్షన్లు, క్రిములు చేరకుండా మాత్రలు. దుర్గ మంచం దిగకూడదు. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది గనక ఎప్పుడైనా ఆపరేషనే అవుతుందన్నారు.

నేను ఏమీ అనలేదు నిన్న. లేవద్దని నోటితో అనలేదు.

21 నవంబరు

జ్వరం లేదు. నీళ్ళు తేటగా ఉన్నాయి. బిడ్డ కదులుతోంది. శ్రీరామ.

22 నవంబరు, శుక్రవారం

వియ్యంకుడు గంగరాజు గారు ద్రాక్షారామం నుంచి వచ్చారు. భీమేశ్వరస్వామి విభూతి, కుంకుమ, అరటిపళ్ళ గెలా తెచ్చారు. ఆసుపత్రికి గెల తెచ్చిన మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు. నర్సమ్మలందరికీ పంచారు. అల్లుడు గణేష్‌బాబు భీమవరం దగ్గర చెరువుల మీద ఉన్నాడు. రొయ్యకి తెగులు తగిలి రాలేకపోతున్నాడట, రోజూ ఫోన్ చేస్తున్నాడు.

గంగరాజు గారు మంచాన్నీ, సెలైను సీసానీ, కోడల్నీ చూసి బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నారు. సంచిలోంచి పంచాంగం తీశారు. ఆయన సంచిలో పంచాంగం లేకుండా నేను ఎప్పుడూ చూడలేదు. నిజానికి నా సంచిలోనూ ఉంటుంది.

"చెల్లెమ్మగారూ, ఎలాగూ ఆపరేషనే గదండీ."

"అవునండి అన్నయ్యగారూ."

"నీళ్ళు ఎలాగూ పోయాయి గదండీ."

"పోతూనే ఉన్నాయండి."

"మరింకేంటండీ! ఎల్లుండి ఆదివారం పునర్వసు. కార్తీక మాసం. పునర్వసు ఎవరిదండీ? రాములవారిది! పొద్దున్న ఎనిమిది నలభైకి లగ్నం చూశాను, అద్దంలా ఉంది. మీరు కోట్లు రాస్తున్నారు రామనామం. ఆయన మీ ఇంటికే వస్తానంటుంటే తలుపేసేస్తారేంటండీ?"

నాకు ఒళ్ళు జలదరించింది. భయంతో కాదు. ఆ సంగతి నాకు ముందే తట్టింది. బుధవారం పొద్దున్నే, కారులో బ్రిడ్జి మీద ఉండగానే, వేళ్ళ మీద నక్షత్రాలు లెక్క పెట్టాను.

డాక్టరమ్మ గారిని అడుగుతానన్నాను.

23 నవంబరు

అడిగాను.

నేను ఎంత మెల్లిగా మాట్లాడతానంటే, మా అత్తగారు బతికున్నప్పుడు "దానికి ఆకలేసినా గోడకే చెబుతుంది" అనేవారు. డాక్టరమ్మ గారు రెండుసార్లు "ఏంటమ్మా?" అన్నారు. మూడోసారికి నా గొంతు కాస్త పైకి లేచింది.

ఆవిడ నవ్వలేదు. అందుకు నేను ఆవిడని ఎప్పటికీ మరిచిపోను. కాగితం మీద బిడ్డ బొమ్మ గీశారు. లోపలి ఊపిరి సంచులు ఇంకా తడి విస్తరాకుల్లా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయని, ఇవాళ బయటికి తీస్తే ప్రతి ఊపిరికీ వాటిని విడదీసుకోవాలని, ఆ బలం ఈ బిడ్డకి చాలదని చెప్పారు. ఇంజెక్షను పని చేస్తోంది, కడుపులో ఇంకో రెండు వారాలుంటే చాలా తేడా వస్తుంది అన్నారు.

"నా దగ్గర వేడి పెట్టె ఉంది, గొట్టాలున్నాయి, పిల్లల డాక్టరు గారున్నారు. అన్నీ కలిపినా మీ అమ్మాయి పొట్టంత మంచివి కావమ్మా. ఆదివారం తీయమంటే తీయను. వేరే ఎక్కడికైనా తీసుకెళ్తామంటే ఆపలేను."

వేరే ఎక్కడికీ తీసుకెళ్ళం అని చెప్పాను.

ఆ మాట గంగరాజు గారికి చెప్పడం నా వల్ల కాలేదు. మా ఆయనతో చెప్పించాను. మా ఆయన "ఆగమంటున్నారు బావగారూ" అని ఒక్క ముక్క అని, కోత కూలీలకు టీ వేళయిందని బస్సెక్కేశారు.

24 నవంబరు, ఆదివారం

ఇవాళ పునర్వసు. నేను దాని గురించి ఆలోచించడం లేదు.

ఎనిమిది నలభైకి గడియారం చూశాను. చూడటంలో తప్పేముంది. ఆ సమయానికి దుర్గ ఇడ్లీ తింటోంది. "అమ్మా, కొబ్బరి పచ్చడిలో ఉప్పు లేదు" అంది. బిడ్డ గట్టిగా తన్నితే నా చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టించుకుంది. ఎనిమిది నలభై ఐదు అయింది. తర్వాత తొమ్మిది అయింది.

నేను దాని గురించి ఆలోచించడం లేదు.

27 నవంబరు

దేవుడికి పెట్టే పువ్వు నేను ఈ యాభై ఏళ్ళలో వాసన చూడలేదు. పూలు కోస్తున్నప్పుడు గాలికి వాసన వస్తే కూడా మొహం తిప్పుకునేదాన్ని. ఎవరైనా పిల్లలు మొగ్గ ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ పువ్వు పక్కన పడేసేదాన్ని.

ఇప్పుడు రోజుకి నాలుగైదుసార్లు దుర్గ గుడ్డ మార్చి, వెలుతురులో పట్టుకుని రంగు చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నాను. డాక్టరమ్మ గారే నేర్పారు. నీళ్ళలా తేటగా ఉండాలి, కాస్త ఎరుపు కనబడ్డా, పచ్చగా ఉన్నా, చెడు వాసన వేసినా ఎంత చిన్నదైనా ఆ నిమిషమే చెప్పాలి. నర్సమ్మలు మూడు పూటలా జ్వరం చూస్తారు, నాడి చూస్తారు, బిడ్డ గుండె వింటారు. గుడ్డ మాత్రం నేను చూస్తానన్నాను. పరాయివాళ్ళు చూస్తే దుర్గ సిగ్గుపడుతుంది.

మొదటి రోజు స్నానం చేసి వచ్చాక కూడా రామనామం రాయడానికి మనసొప్పలేదు. రెండో రోజు రాశాను. ఇప్పుడు గుడ్డ చూసి, చెయ్యి కడుక్కుని, వెంటనే రాసేస్తున్నాను. మడి తప్పిందో లేదో రాములవారే చూసుకుంటారు. నాకైతే పొద్దున్నే పూజ చేసినట్టే ఉంది. ఇలా రాయొచ్చో లేదో తెలియదు.

మంచి ఉమ్మనీరుకి ఒక వాసన ఉంటుంది, తెలుసా. పచ్చి కొబ్బరి చిప్ప లోపల ఉండే వాసన. చెడ్డది కాదు.

30 నవంబరు

ఈ దుర్గేనా, కాసేపు కూర్చోమంటే కూర్చోని పిల్ల? కొవ్వూరులో కాలేజీకి సైకిలు మీద వెళ్తూ గోష్పాద క్షేత్రం దగ్గర ఎద్దుబండిని దాటబోయి కాలవలో పడింది. అలాంటిది ఇప్పుడు ఎడమ వైపు తిరిగి పడుకుని కిటికీలోంచి గోదావరి కేసి చూస్తూ ఉంటుంది. ఒక్కసారి విసుక్కోలేదు. మాత్రలు వేసుకుంటే వాంతులు. కక్కుకుని, నోరు పుక్కిలించి మళ్ళీ వేసుకుంటుంది. బ్రిడ్జి మీద వెళ్ళే రైళ్ళకి పేర్లు పెట్టింది. ఒక గూడ్సు పేరు గంగరాజు, ఎందుకంటే అది ఎంతసేపటికీ అయిపోదట.

"మామగారిని అలా అంటావా?" అన్నాను.

"ప్రేమతోనే అన్నానమ్మా. ఆయన గెలలో ఇంకో నాలుగు పళ్ళున్నాయా?"

పక్క మంచం ఆవిడ నా వైపు తిరిగి "మీ అమ్మాయి చాలా ఓర్పుగల్ల పిల్లండి" అంది. కాస్త తల ఊపాను. ఇది గర్వం కాదు. ఉన్న మాటే కదా.

2 డిసెంబరు

జ్వరం లేదు. వాసన మంచిదే. కొబ్బరి వాసన.

4 డిసెంబరు, అమావాస్య

కార్తీకం వెళ్ళిపోయింది. మా ఆయన క్యారియరులో పప్పుచారు, వంకాయ కూర తెచ్చారు. తుపానుకి ముందే కుప్ప వేసేశామని, ఈ ఏడు గింజ బాగా పాలు పోసుకుందని దుర్గకి చెబుతూ కూర్చున్నారు. గింజ ఎన్నాళ్ళు పాలు పోసుకుంటుందో, ఎప్పుడు గట్టిపడుతుందో, ముందే కోస్తే మరలో నూకలైపోతుందని చెప్పారు. చెప్పి చెప్పి ఆగిపోయారు. దుర్గ పొట్ట వైపు చూశారు. "అంతేగా" అన్నారు. నాకు పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన ఇంత సేపు మాట్లాడటం నేను వినలేదు.

5 డిసెంబరు, గురువారం

గంగరాజు గారు మళ్ళీ వచ్చారు. ఈసారి వదినగారు అప్పాయమ్మ గారు పంపిన సున్నుండలు. డాక్టరమ్మ గారు స్కానింగు చూసి, "ఇంకో వారం పది రోజులు లాగుదాం, తర్వాత నేనే మంచిరోజు చూసి చేస్తాను" అని నవ్వారు. గంగరాజు గారి మొహం వెలిగిపోయింది. రాత్రికి సత్రంలో ఉంటానని వెళ్ళారు.

దుర్గకి మధ్యాహ్నం కాస్త చలిగా అనిపించిందట. ఫ్యాను గాలికేమో. జ్వరం చూశారు, లేదు.

6 డిసెంబరు

పుట్టింది. ఆడపిల్ల. ఏడ్చింది. ఇవాళ ఇంతకన్నా రాయలేను.

8 డిసెంబరు, ఆదివారం

ఇప్పుడు రాస్తాను, అంతా రాస్తాను.

శుక్రవారం పొద్దున్న గుడ్డ మార్చాను. రంగు ఫర్వాలేదు, కొంచెం మబ్బుగా ఉందంతే. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వ్రతం అయ్యాక కలశం తియ్యడం మరిచిపోయి మూడు నాలుగు రోజులు ఉంచేస్తే, అందులో మామిడాకు కుళ్ళి నీళ్ళకి ఒక వాసన వస్తుంది. అచ్చంగా ఆ వాసన.

ఇంకోసారి చూశాను. అదే.

వరండాలోకి పరిగెత్తాను. నర్సమ్మ నా మొహం చూసే లేచింది. జ్వరం నూటొకటి. దుర్గ నాడి వేగంగా ఉంది. పొట్ట మీద గొట్టం పెట్టి వింటే బిడ్డ గుండె టకటకా కొట్టుకుంటోంది. నర్సమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టి ఇంకేం మాట్లాడకుండా ఫోన్ చేసింది. డాక్టరమ్మ గారు వచ్చి తానూ గుడ్డ వాసన చూశారు. నా వైపు చూసి "ఎప్పుడు గమనించారు?" అని అడిగారు. "ఇప్పుడేనండి" అన్నాను.

"నిన్న సాయంత్రం ఇలా లేదుగా?"

"లేదండి. నిన్న రాత్రి పడుకునేముందు మార్చినప్పుడూ కొబ్బరి వాసనే."

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేశారు. "లోపల ఇన్‌ఫెక్షను మొదలైందమ్మా. ఇంక ఆగకూడదు. ఇప్పుడే ఆపరేషను."

అదే సమయానికి గంగరాజు గారు స్నానం చేసి, విభూతి పెట్టుకుని మెట్లెక్కి వచ్చారు. సంగతి వినగానే పంచాంగం తీశారు. ఆ రోజు పేజీ దొరక్క రెండుసార్లు ముందుకీ వెనక్కీ తిప్పారు. తప్పు పట్టడానికి రాయడం లేదు. ఆయన భయపడ్డారు, అంతే.

"డాక్టరు గారూ. ఇవాళ మూలా నక్షత్రమండి."

"అయితే ఏంటండీ?"

"మూలలో పుడితే తండ్రికి గండమండి. గణేష్ నాకు ఒక్కడే కొడుకు. పైగా శుక్రవారం, పదిన్నర నుంచి రాహుకాలం. రాత్రి తొమ్మిదిన్నరకి మూల వెళ్ళిపోద్దండి, ఎంతండీ, ఒక్క పూట! ఇన్నాళ్ళు ఆపిందీ మీరే, ఆగమందీ మీరే. ఈ ఒక్క పూటా ఆగలేరాండి?"

"అప్పుడు లోపల క్షేమంగా ఉంది కాబట్టి ఆపానండీ. ఇప్పుడు బిడ్డ ఆ చెడిన నీళ్ళలోనే ఉంది. రాత్రి దాకా ఉంచితే బిడ్డా దక్కకపోవచ్చు, తల్లికీ ప్రమాదం. ఎవరు సంతకం పెడతారో చెప్పండి."

గణేష్‌బాబుకి ఫోన్ కలవలేదు. మా ఆయన ఊళ్ళో. గంగరాజు గారు నా వైపు తిరిగారు.

"చెల్లెమ్మగారూ, మీరైనా చెప్పండి. మీకు తెలియని శాస్త్రమా? మీరు చెబితే ఆవిడ వింటారు."

అందరూ నా వైపే చూస్తున్నారు. నేను పిల్లనిచ్చినదాన్ని. ఆయన మగపెళ్ళివారు, పెద్దాయన, మా ఇంటికి ఏనాడూ ఒక్క పొల్లు మాట అనని మనిషి. ఆయన కళ్ళలో ఉన్నది మొండితనం కాదు, కొడుకు మీద బెంగ. మూల అంటే నాకూ భయమే. మా చిన్నప్పుడు మా వీధిలో మూలలో పుట్టిన పిల్లాణ్ణి ఎవరూ ఎత్తుకునేవారు కాదు. ఇవన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

కానీ నా వేళ్ళకి ఇంకా ఆ వాసన ఉంది.

"అన్నయ్యగారూ" అన్నాను. "దసరాల్లో మూలా నక్షత్రం రోజున బెజవాడలో అమ్మవారికి ఏ అలంకారం చేస్తారండీ?"

ఆయన పంచాంగంలోకి తల దించుకున్నారు. ఆయనకి తెలుసు.

"సరస్వతీ అలంకారమండి. మూల ఆవిడ పుట్టిన నక్షత్రమండి. కిందటేడు మీరూ, వదినగారూ, మేమూ నలుగురం కలిసి వెళ్ళి ఎండలో క్యూలో నిలబడ్డాం. కాళ్ళు వాచిపోయాయి. ఆ రోజున అమ్మవారిని చూడటానికి అంత దూరం వెళ్ళాం గదండీ, అదే నక్షత్రంలో మన ఇంటికి వస్తానన్న బిడ్డని తొమ్మిదిన్నర దాకా గుమ్మంలో నిలబెడతామాండీ? పౌర్ణమి నాడు కథ అయ్యేదాకా దుర్గని పీట మీద కూర్చోబెట్టాం. అది చాలు. ఇంక ఏ ఘడియ కోసమూ నా కూతుర్ని కూర్చోబెట్టనండి. శాంతి చేయించుకుందాం. ఎన్ని జపాలు చెప్పినా నేను చేయిస్తాను, ఉపవాసాలూ ఉంటాను. ఇప్పుడు మాత్రం తలుపు తియ్యండి!"

చివరి మాట డాక్టరమ్మ గారితో అన్నాను. ఆవిడ ఆపరేషను గది తలుపుకి అడ్డంగా కూడా లేరు. ఎందుకలా అన్నానో తెలియదు.

వరండాలో అందరూ ఆగి చూస్తున్నారు. కింద మెట్ల దగ్గర టీ అమ్మేవాడు కూడా తలెత్తాడు. అప్పుడు అర్థమైంది, నేను గట్టిగా మాట్లాడానని.

కూర్చోబెట్టాం అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

లోపల మంచం మీద నుంచి దుర్గ, "ఆ కాగితం ఇలా ఇవ్వండి డాక్టరు గారూ. నాకు ఇరవై మూడేళ్ళు. పొట్ట నాది, సంతకం నేనే పెడతాను" అంది. జ్వరంతో ఒళ్ళు కాలిపోతోంది. అయినా వెంకటదుర్గ అని పూర్తి పేరు, సున్నతో సహా రాసింది. అది సంతకం పెడుతుంటే నేను చూసిన ఆ క్షణం, ఏ ముహూర్తంలోనూ దొరకదు.

గంగరాజు గారు బల్ల మీద కూర్చుండిపోయారు. పంచాంగం మూసి పక్కన పెట్టారు. మళ్ళీ తీసి సంచిలో దాచారు. "ఆయ్… సరేనమ్మా" అన్నారు. తర్వాత కళ్ళు మూసుకుని భీమేశ్వరుడి పేరు తలుచుకుంటూ కూర్చున్నారు. నేను ఆయన పక్కనే, రెండు చేతుల దూరంలో కూర్చుని రామనామం అనుకున్నాను. ఎవరి దేవుణ్ణి వాళ్ళు పిలుచుకున్నాం.

రాహుకాలం మధ్యలో ఏడుపు వినపడింది. పిల్లిపిల్ల ఏడ్చినట్టు సన్నగా. ఆగింది. మళ్ళీ ఏడ్చింది.

కిలో ఏడు వందలు. తీసిన వెంటనే తనంతట తానే ఊపిరి పీల్చిందట. పిల్లల డాక్టరు గారు బయటికొచ్చి, ఇంజెక్షన్లకి ముందు పుట్టి ఉంటే వేరే మాట, ఇప్పుడు ఊపిరికి కాస్త సాయం చాలు అన్నారు. మంజుష గారు చేతి తొడుగులు తీస్తూ, "సాయంత్రం దాకా ఆగి ఉంటే నేను ఏమీ చెప్పలేకపోయేదాన్నమ్మా. మీ ముక్కు కాపాడింది" అన్నారు.

ముక్కు! ఇన్నేళ్ళు దేవుడి పువ్వుల దగ్గర దాచుకున్న ముక్కు.

గర్వం కాదు ఇది. సరే, గర్వమే.

9 డిసెంబరు

దుర్గకి జ్వరం తగ్గింది. మొదటి మాట ఏమంటుందో తెలుసా. "అమ్మా, నీ గొంతు ఆపరేషను గదిలోకి వినపడుతుందేమోనని హడలిపోయా. మనింట్లో ఇన్నాళ్ళు మైకు పెట్టుకుని మాకెవరికీ చెప్పలేదేంటి?"

"పీట మీద లేవబోయినప్పుడు నేను నిన్ను ఏమీ అనలేదు కదే" అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

"అనలేదు. నీ చూపు చాలదేంటమ్మా?" అని నవ్వింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "నేనైనా లేచేదాన్ని కాదు. నాకూ ఆ ప్రసాదం కావాలి." అది నిజమో, నా కోసం అన్నదో నేను మళ్ళీ అడగలేదు.

12 డిసెంబరు

అల్లుడు వచ్చాడు, చెరువుల పని ఇవాళ్టికి తెమిలిందట. నీరసంగా, చెరువు బురద వాసనతో, ఏడుపు మొహంతో వచ్చాడు. నర్సరీ అద్దం దగ్గరికి వెళ్ళబోతుంటే గంగరాజు గారు అడ్డంగా నిలబడ్డారు. చేతిలో ఇత్తడి గిన్నె, అందులో నువ్వుల నూనె. శాంతి అయ్యేదాకా తండ్రి బిడ్డ మొహం నేరుగా చూడకూడదు, నూనెలో నీడ చూడాలి. ఆ పద్ధతి నాకూ తెలుసు. నర్సమ్మ నూనె గిన్నె లోపలికి రానివ్వనంది.

"ఏంటమ్మా, నూనె కూడా క్రిమేనా?" అన్నారు గంగరాజు గారు.

ఆయన అద్దానికి ఇవతల గిన్నె పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. అందులో ఆయన మీసాలు తప్ప ఏమీ కనబడలేదు.

"అన్నయ్యగారూ, అద్దంలోంచి చూస్తే నేరుగా చూసినట్టు కాదు కదండీ" అన్నాను, నా మామూలు గొంతుతో.

ఆయన ఆలోచించారు. గిన్నె కేసీ అద్దం కేసీ చూశారు. "అవునండోయ్" అన్నారు. గణేష్‌బాబు అప్పటికే అద్దానికి నుదురు ఆనించేశాడు. లోపల పిల్ల అరచెయ్యంత మొహంతో, ముక్కుకి సన్నటి గొట్టంతో పడుకుని ఆవులించింది.

"అయినా ఆడపిల్ల గదండీ" అన్నారు గంగరాజు గారు నాతో మెల్లిగా, గిన్నె కిందపెడుతూ. "మూలలో పుట్టిన ఆడపిల్లైతే గండం కాబోయే మామగారికే ఎక్కువంటారండి. ఇరవై ఏళ్ళ తర్వాత ఎవడో వియ్యంకుడు వణకాలి, మనకేంటి!" ఇద్దరం నవ్వుకున్నాం. నర్సమ్మ మమ్మల్నిద్దర్నీ అక్కణ్ణించి పంపేసింది.

19 డిసెంబరు

గొట్టం తీసేశారు. దుర్గ పాలు పిండి ఇస్తే ఉగ్గుపాలు పోసే గోకర్ణంతో చుక్క చుక్కగా పట్టాను. మింగింది. నా చేత్తో.

26 డిసెంబరు

రెండు కిలోలకి దగ్గరపడింది. రొమ్ము అందుకుంటోంది. రామకోటిలో నిన్న పదకొండు వరసలు రాశాను.

31 డిసెంబరు 2002, మంగళవారం
కొవ్వూరు, ఇల్లు

ఇంటికి తెచ్చేశాం. బ్రిడ్జి మీద రైలు వెళ్తుంటే దుర్గ పిల్లకి చూపించి, "అదిగో తాతగారు" అంది. గూడ్సు బండి అది.

గంగరాజు గారు ఎల్లుండి జరిగే మూలా శాంతికని పొద్దున్నే వచ్చారు, వదినగారితో, చుట్టాలతో. మా వీధి అరుగు మీద కూర్చుని అందరికీ చెబుతున్నారు. నేను లోపల పాయసం కలుపుతూ విన్నాను.

"మూలా నక్షత్రమండీ! మామూలు నక్షత్రం కాదు. బెజవాడలో సరస్వతీ అలంకారం ఏ రోజు చేస్తారనుకున్నారు? ఆ రోజునండీ! డాక్టరు గారు రాత్రి దాకా ఆగుదామా అంటే వల్లకాదన్నాన్నేను. వచ్చే తల్లిని గుమ్మంలో నిలబెడతామా అన్నాను. ఆయ్! పిల్లకి సరస్వతి అనే పేరు పెట్టాలని ఆ క్షణమే అనుకున్నాను."

మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నా వైపు చూశారు. ఆయనకి దుర్గ అంతా చెప్పింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన మీసంలో నవ్వుకుని వెళ్ళి బావగారికి మంచినీళ్ళిచ్చారు.

మధ్యాహ్నం గంగరాజు గారు వంటింటి దగ్గరికి వచ్చి నిలబడ్డారు. పంచాంగం చేతిలో ఉంది, మూసి ఉంది.

"చెల్లెమ్మగారూ, నామకరణానికి ఏ రోజు బావుంటుందంటారు? మీరే చెప్పండి."

పెళ్ళి మాటల రోజు నుంచి ఇవాళ్టి దాకా ప్రతి మంచిరోజూ ఆయనే చెప్పారు, మేం సరేనన్నాం. నేను చెయ్యి తుడుచుకుని పంచాంగం అందుకున్నాను. పుష్యం దాటనిచ్చి, మాఘంలో, పిల్ల ఇంకో కిలో పెరిగాక, డాక్టరమ్మ గారు బయటికి తీసుకురావచ్చన్నాక, ఆ తర్వాతొచ్చే మంచి గురువారం అని చెప్పాను. ఆయన ఒక్క అడ్డు మాట లేకుండా తల ఊపారు.

ఈ డైరీలో ఇంక తేదీ లేదు. దీన్ని వ్రతం పీట పెట్టుకునే పెట్టెలో, పీట కింద పెడుతున్నాను. ఎప్పుడో పెట్టె తెరిచేది దుర్గో, ఆ పిల్లో అయి ఉంటుంది. పారెయ్యకండమ్మా, అలాగే ఉంచండి. గంగరాజు గారి ముందు మాత్రం తియ్యకండి. ఆ సరస్వతి మాట ఆయనదే అని అందరూ అనుకోనివ్వండి, ఆయన నోట్లో అది బాగుంది. ముందు అన్నది నేనని ఇక్కడ రాసి ఉంటే నాకు చాలు.